చర్చ: వచ్చే ఇరవై ఏళ్ల పాలమూరుకు ఒక పెద్ద పార్కు చాలా, వాడవాడకూ ఒక జాగా కావాలా?

మెట్టుగడ్డ మామూలోడు (చర్చ పెట్టినవారు):

మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. చుట్టుపక్కల ఊళ్లు కొన్ని వచ్చి కలిశాయి. ఇవాళ కాకపోతే రేపైనా కొత్త మాస్టర్ ప్లాన్ గీస్తారు. అందులో రోడ్ల గురించి అడిగేవాళ్లకు కొదవ ఉండదు. రోడ్డు పడితే ప్లాటు రేటు పెరుగుతుంది కదా. పార్కుల గురించి అడిగే నాథుడు లేడు, అందుకే ఈ చర్చ.

ముందు ఒక లెక్క చూడండి. పట్టణాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన జనాభా రెండు లక్షలు అనుకుంటే అటూ ఇటూగా 500 ఎకరాలు చాలు. అప్పన్నపల్లి దగ్గరి ఎకో పార్కు, మనం ఇప్పటికీ మయూరి అని పిలుచుకునేది, ఒక్కటే 2087 ఎకరాలు. మనిషికి 42 చదరపు మీటర్లు పడుతుంది. కాగితం మీద మనం ముంబైకి పాఠాలు చెప్పొచ్చు.

మరి వీరన్నపేటలోనో షాసాబ్‌గుట్టలోనో ఉండే పిల్లాడు బడి నుంచి వచ్చాక ఆ 42 మీటర్లు ఎక్కడ వెతుక్కోవాలి? జడ్చర్ల రోడ్డెక్కాలి, ఆటో మాట్లాడుకోవాలి, టికెట్ కొనాలి. నలుగురున్న ఇంట్లో అది నెలకోసారి చేసే ముచ్చట, రోజూ సాయంత్రం అయ్యే పని కాదు.

డచ్ నిపుణుడు సెసిల్ కొనైనెండైక్ 2021లో 3-30-300 అని ఒక కొలత పెట్టాడు. ఇంట్లోంచి చూస్తే 3 చెట్లు కనపడాలి, వాడలో 30 శాతం మీద చెట్ల నీడ పరుచుకోవాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి. మొదటి రెండూ పక్కన పెట్టినా, మూడోది మనలో ఎంతమంది ఇళ్లకు ఉంది? నేననేది ఒక్కటే. పెద్ద వాటికి కొత్త హంగులు ఆపి, నడిచి వెళ్లే దూరంలో చిన్న జాగాలు తయారు చేయాలి.

పాత సైటింజినీరు:

బాబూ, చెప్పడానికి బాగుంది. చిన్న పార్కులు కట్టడం చేతకాక కాదు, బతికించడం చేతకాకే మనకు లేవు. మా కాలనీ పార్కు సంగతి చెబుతాను, ఊరి పేరు కాలనీ పేరు వద్దులెండి. కొబ్బరికాయ కొట్టిన రోజు చూడాలి, పెళ్లివారిల్లే. పేవర్ టైల్స్ దారి, ఓపెన్ జిమ్, వేపచెట్టు చుట్టూ సిమెంటు అరుగు. ఏడాది తిరక్కముందే బోరు మోటారు కాలింది. దాన్ని బాగు చేయించాల్సింది కాలనీ కమిటీనా, ఆఫీసువాళ్లా అని తేలేలోపు గడ్డి మాడిపోయింది. సైకిల్ తొక్కే మిషన్‌కు ఒక పెడలే మిగిలింది. దాని హ్యాండిల్ నుంచి ఎదురింటి గ్రిల్‌కు ఇప్పుడు బట్టల తాడు కట్టి ఉంది. సిమెంటు అరుగు వేరును బిగబట్టిందేమో, వేప కూడా ఒక పక్క ఎండుతోంది. ఇక గేటుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెబుతారు.

పెద్ద పార్కులో టికెట్ డబ్బు వస్తుంది, మాలీలు ఉంటారు, కంచె ఉంటుంది. ఆదివారం నాడు ఊరూవాడా అక్కడే ఉంటారు. వంద చోట్ల వంద మోటార్లు కాలబెట్టుకునే కన్నా ఒక్క చోట నిలబెట్టుకోవడం నయం కాదా? బస్సు వేయించమని అడగండి, నేనూ సంతకం పెడతాను.

అడవి దారి:

ఇద్దరికీ ఒక మాట. ఎకో పార్కు ఉన్నది అటవీ భూమి, చూసుకునేది అటవీ శాఖ. అక్కడి టికెట్ డబ్బు కార్పొరేషన్ గల్లాపెట్టెలో పడదు, అక్కడ పని ఆపినా ఆ డబ్బు మీ కాలనీకి నడిచి రాదు. కాబట్టి అదా ఇదా అని తూకం వేయడం అనవసరం.

కార్పొరేషన్ చేతిలో ఉన్నది వేరే సంచి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా పక్కన పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను కూడా అదే చట్టం పెట్టింది. ఆ పది శాతం ఏటా ఎక్కడికి పోతోంది? డివైడర్ల మధ్య పూలమొక్కలకా, నీళ్ల ట్యాంకర్ల డీజిల్‌కా, మొక్కలు కొనడానికా? వీలైతే దాని మీద మాట్లాడండి.

మెట్టుగడ్డ మామూలోడు:

అడవి దారి గారూ, సంచులు వేరే కావొచ్చు. చూపు మాత్రం ఒక్కటే. ఎవరు వచ్చినా ఫొటో దిగేది ఎకో పార్కులోనో పెద్ద చెరువు కట్ట మీదో. లైట్లు పడేది అక్కడే, సీసీ రోడ్డు పడేదీ అక్కడికే. కట్ట కార్పొరేషన్ పరిధిలోదే కదా, నా మాట దానికైనా వర్తిస్తుంది.

ఎర్రమట్టి బౌలర్:

అన్నా, దయచేసి ఎక్కడా లాన్ వేయకండి. లాన్ వేసిన రోజే బోర్డు పెడతారు, గడ్డి మీద నడవరాదు, ఆటలు ఆడరాదు అని. మాకు మట్టి గ్రౌండ్ ఇవ్వండి చాలు. పొద్దున ఐదున్నరకు పోతే కాలేజీ గ్రౌండ్‌లో అప్పటికే మూడు పిచ్‌లు నడుస్తుంటాయి. ఒక టీమ్ మిడాన్ ఇంకో టీమ్ స్లిప్స్‌లో నిలబడతాడు, బంతి ఎటు నుంచి వస్తుందో తెలీదు. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు అన్నారు, బోర్డు బాగుంది, బోర్డు వెనక ఉన్న రాళ్లు ఏరేవాడు లేడు.

బతుకమ్మ బ్యాచ్:

తమ్ముళ్లూ, అన్నలూ, మొత్తం చదివాను. లెక్కలు బాగున్నాయి. కానీ పార్కు ఎప్పుడు తెరిచి ఉంటుందో ఎవరూ అడగలేదు.

పొద్దున ఐదు నుంచి తొమ్మిది, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. చాలా చోట్ల ఇదే వరుస. ఆ రెండు పూటలా ఇంట్లో ఆడవాళ్లు ఎక్కడుంటారు? పొయ్యి దగ్గర. నాకు తెమిలేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, అప్పుడు గేటుకు తాళం. ఎండ కదా అంటారు. అందుకే కదా చెట్లు కావాలంటున్నది! నీడ ఉంటే ఏప్రిల్‌లోనూ కూర్చోవచ్చు. నీడ ఉన్న ఒక్క బెంచీ మీదా పేకముక్కలు పడుతుంటే ఇంక మేమెక్కడ కూర్చోవాలి?

ఇంకో సంగతి. బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వాడలో రోడ్డు మీదే ఆడతాం. రెండు చివర్లా బైకులు అడ్డం పెట్టి, మధ్యలో గుండ్రంగా తిరుగుతుంటే హారన్ కొట్టుకుంటూ ఎవడో ఒకడు దూరుతాడు. మాకు టైల్స్ వద్దు, ఫౌంటెన్ వద్దు, సెల్ఫీ పాయింట్ అసలే వద్దు. యాభైమంది ఆడవాళ్లు చెప్పులు విడిచి తిరగగలిగే చదునైన నేల, ఒక లైటు, పక్కన ఒక మరుగుదొడ్డి. మరుగుదొడ్డి లేని పార్కు మా అత్తకు పార్కే కాదు, షుగర్ ఉన్న మనిషి.

2021లో మన జిల్లా మహిళా సంఘాలు విత్తన బంతులతో గిన్నిస్ రికార్డు కొట్టాయి. మట్టి పిసికింది మేమే, కాబట్టి అడిగే హక్కుంది అనుకుంటున్నాను. మొలిచినవి ఎన్ని అని లెక్క పెట్టేవాళ్లకు కూడా ఒక సర్టిఫికెట్ ఇస్తే బాగుండేది.

పాత సైటింజినీరు:

అమ్మా, మధ్యాహ్నం మాట నిజమే. మరుగుదొడ్డి మాటా నిజమే. కానీ మరుగుదొడ్డి అంటే మళ్లీ నీళ్లు, కడిగే మనిషి, జీతం. నేను మొదటి నుంచీ అంటున్నది అదే. మనిషి ఎవరు?

లేఅవుట్ చదివేవాడు:

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, ఇది చాలామంది ప్లాట్లవాళ్లకు తెలియదు.

అనుమతి ఉన్న లేఅవుట్ వేసేటప్పుడు 10 శాతం జాగా ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. అలా వదలకుండా అమ్మేసిన వెంచర్లలో ప్లాటు కొన్నవాళ్లు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) కట్టేటప్పుడు, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ జాగా రుసుము కింద చెల్లిస్తున్నారు. గమనించండి, అది ఫైన్ కాదు. మీ వెంచర్‌లో పార్కు లేదు కాబట్టి ఆ లోటుకు మీ దగ్గర తీసుకున్న సొమ్ము. ఆ ప్రాంతంలో వసతులకే దాన్ని వాడాలి. వెంచర్ వేసినవాడు పార్కు మిగుల్చుకున్నాడు, కొన్నవాడు రెండోసారి కట్టాడు, అయినా పార్కు రాలేదు.

అనుమతి ఉన్నచోట పరిస్థితి ఇంకో రకం. ప్లాన్‌లో పార్కు అని ఉంటుంది, పోయి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్, ఇసుక కుప్ప, ఎవరిదో గేదెల పాక. ఆ తర్వాత మెల్లగా ఒక గది లేస్తుంది. పార్కు జాగాను ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని 1991లోనే బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పార్కుల్లో, రోడ్ల మీద అనుమతి లేకుండా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదీ కొత్తగా కట్టనివ్వొద్దని 2009లో అదే కోర్టు ఆదేశం ఇచ్చింది. చట్టం వైపు నుంచి లోటేం లేదు. వాడలో ఆ మాట పైకి అనేవాడే లేడు, అంటే దేవుడికి అడ్డం పడ్డాడంటారు.

కాబట్టి నేను మామూలోడి పక్షం, కానీ వేరే కారణంతో. చిన్న జాగా వాడకంలో లేకపోతే పదేళ్లలో మాయమవుతుంది. ఎకో పార్కును ఎవడూ ఎత్తుకుపోడు.

పిల్లలమర్రి వాకర్:

పెద్దదాన్ని ఎవడూ ఎత్తుకుపోడు అనుకోకండి. పిల్లలమర్రి మన కళ్ల ముందే ఉంది. మూడెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు. కొమ్మలెక్కి ఊగినవాళ్లు ఊగారు, లోపల చెదలు తిన్నాయి, 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో మందు కలిపిన సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. జనాన్ని లోపలికి రానివ్వకుండా ఆపాల్సి వచ్చింది. ఊరంతటికీ చెట్టంటే అదొక్కటే అయితే అందరి బరువూ దాని మీదే పడుతుంది. వాడలో ఇంకో నాలుగు మర్రులుంటే దానికీ కాస్త ఊపిరి దొరికేది.

టికెట్ గురించి కూడా. బెంగళూరు లాల్‌బాగ్‌లో పొద్దున నడిచేవాళ్లకు టికెట్ ఉండదు, తర్వాత చూడ్డానికి వచ్చేవాళ్లకు ఉంటుంది. మన దగ్గర ఆ పద్ధతి పెడితే ఎవరికి నష్టం?

మెట్టుగడ్డ మామూలోడు:

ఇంజినీరు సార్, మీ మోటారు ప్రశ్నకు నా జవాబు: మోటారే అక్కర్లేని పార్కు. మనది వాన తక్కువ నేల, గులకరాళ్ల ఎర్రమట్టి. ఇక్కడ కార్పెట్ గడ్డి వేయడమే మొదటి తప్పు. కానుగ, వేప, చింత, నేరేడు, రావి వేసి మొదటి రెండు మూడు ఎండాకాలాలు ట్యాంకర్ పోస్తే తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. త్వరగా పచ్చగా కనపడాలని కోనోకార్పస్ వేసుకున్నాం, 2022లో రాష్ట్రమే అది వద్దంది. టైల్స్ బదులు మట్టి దారి, జిమ్ బదులు మట్టి గ్రౌండ్. బౌలర్ తమ్ముడికీ బతుకమ్మ అక్కకూ అదే నేల సరిపోతుంది. ఖర్చు సగం తగ్గుతుంది. తగ్గిన సగం జీతానికి పెట్టండి. నాలుగు జాగాలకు కలిపి ఒక మనిషి, పొద్దున గేటు తీసి, రాత్రి వేసి, మధ్యలో మరుగుదొడ్డి కడిగేలా.

పాత సైటింజినీరు:

నాలుగు జాగాలకు ఒక మనిషి అంటే, అతను ఒక చోట గేటు తీసేసరికి మిగతా మూడు చోట్ల తొమ్మిదవుతుంది. ఇద్దరు కావాలి. పైగా కాంట్రాక్టర్‌కు టైల్స్‌లో మిగిలినట్టు వేపచెట్టులో మిగలదు, అందుకే మీ మట్టి దారికి టెండర్ రాదు. ముప్పై ఏళ్లు ఎస్టిమేట్లు రాసిన చెయ్యి చెబుతోంది. ఎస్టిమేట్‌లో నిర్వహణ అని ఒక గడి ఉంటుంది, మొదటి ఏడాదికి నింపి వదిలేస్తారు. ఆ గడి ఇరవై ఏళ్లకు నింపి చూపించండి, అప్పుడు నేను మీ వైపు వస్తాను.

బతుకమ్మ బ్యాచ్:

ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితే మధ్యాహ్నం గేటు తీయడానికి ఎవరికీ భయం ఉండదు. ఇదీ రాసుకోండి ఆ గడిలో.

లేఅవుట్ చదివేవాడు:

గడి నింపడానికి ముందు రెండు కాగితాలు కావాలి. ఒకటి, గిఫ్ట్ డీడ్ అయిన పార్కు జాగాల జాబితా, సర్వే నంబర్లతో. రెండోది, 14 శాతం కింద ఇప్పటిదాకా వచ్చిన సొమ్ము, అందులో ఖర్చైనది. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. అర్జీ నేను రాస్తాను. మీ మీ వాడల్లో పార్కు జాగా ఎక్కడుందో, ఇప్పుడు అందులో ఏముందో కింద రాయండి. ఫొటో ఉంటే ఇంకా మంచిది, మనుషుల మొహాలు పడకుండా.

ఎర్రమట్టి బౌలర్:

మా వెనక గల్లీలో ఒకటుంది అన్నా. నిన్నటిదాకా అక్కడే ఆడాం, ఇవాళ ఎవరో కంకర దింపారు. రేపు పొద్దున ఫొటో పెడతా.