క్లాండన్ పార్క్‌ను తిరిగి కట్టాలా, కాలిన గోడలుగానే ఉంచాలా?

పాతగడప:
ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో ఉన్న క్లాండన్ పార్క్‌ను 1730ల ప్రాంతంలో వెనిస్ వాస్తుశిల్పి జాకొమో లియోని ఆన్‌స్లో వంశస్థుల కోసం ఎర్ర ఇటుకతో కట్టాడు. 1956 నుంచి, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆధీనంలో ఉన్న ఆ భవనం, 2015 ఏప్రిల్ 29న నేలమాళిగలోని విద్యుత్ బోర్డులో పుట్టిన మంటకు లోపలంతా కాలిపోయింది. ముఖ్యమైన గదులను మళ్లీ కడతామని మొదట చెప్పిన ట్రస్ట్, 2022లో ఆ మాట మార్చుకుని, కాలిన గోడలను అలాగే నిలిపి వాటి మధ్య నడకదారులు వేస్తామంది. ఇది తప్పు నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. పశ్చిమ ససెక్స్‌లోని అప్పార్క్ కూడా 1989లో, కప్పు మీద సీసపు రేకులు అతుకుతున్న పనివారి బ్లోటార్చ్ వల్ల కాలింది. అక్కడ బూడిదను జల్లెడపట్టి ముక్కలు ఏరుకుని, ప్రమాదానికి ముందురోజు ఎలా ఉందో అలాగే నిలబెట్టి 1995లో తెరిచారు. అచ్చు లేకుండా తడి సున్నంలో చేత్తోనే ఆకులూ పూలూ తీర్చే పనితనాన్ని ఆ పనిలోనే మళ్లీ నేర్చుకున్నారు.

ఇటుకబాట:
పాతగడప గారూ, ఆ పోలిక ఇక్కడ నిలవదు. అప్పార్క్‌లో సామాను, చిత్రపటాలు చాలావరకు మంటల్లోంచి బయటికి మోసుకొచ్చారు, కింది అంతస్తు గోడలూ మిగిలాయి. క్లాండన్‌లో దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది ఒక్క స్పీకర్ల గది మాత్రమే. (ఆన్‌స్లో వంశంలో ముగ్గురు బ్రిటన్ పార్లమెంటులోని కామన్స్ సభకు స్పీకర్లయ్యారు.) మిగతాదంతా కొత్తగా చేస్తే అది లియోని పని అవుతుందా? పైగా ఇప్పుడు నేల లేని అంతస్తుల్లో గోడకు వేలాడుతున్న నిప్పుగూళ్లు, పూత రాలిన ఇటుక వరసలు ఆ ఇల్లు ఎలా కట్టారో విప్పి చూపుతున్నాయి. సున్నపు నగిషీలు, గిల్టు పూతలు ఉన్నంతకాలం ఏ సందర్శకుడికీ ఇవి కనబడలేదు.

పాతగడప:
ఇటుకల గురించి మీరన్నది ఒప్పుకుంటాను, పడకగదులను అలాగే ఉంచనివ్వండి. కానీ మార్బుల్ హాలు సంగతి వేరు. దాదాపు 40 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఆ గదిలో, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన అర్తారి, బగుట్టి అనే సున్నపు శిల్పులు తీర్చిన బొమ్మలు కప్పు అంచున కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసేవి. లియోని ఆ ఎత్తును కట్టిందే వాటి కోసం తల పైకెత్తి చూడటానికి. వాటి ఫొటోలున్నాయి, ఆ పని చేయగల చేతులను అప్పార్క్ తయారుచేసింది. ట్రస్ట్ ఆ ఒక్క హాలైనా తిరిగి కట్టాలి, ఆ చేతులు వృద్ధాప్యంలో ఆగిపోకముందే.