"అధికులమనరాదు": ఆ "మ" ఎటు చేరాలి?

కావలి నుంచి: ఒక పద్యపాదం పట్టుకుని వదలడం లేదు. మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు, అక్కడి కార్డు రూముల్లో లిమిట్ పోకర్ ఆడతాడు. ఎంత కాయాలో ముందే కట్టేసిన ఆట. వాడు కూర్చునే బల్ల మీద మొదటి రెండు విడతలూ 10 డాలర్లు, చివరి రెండూ 20. నిన్న ఫోన్ చేసి, "మామా, పెద్ద ముక్కలున్నా లేనట్టు ఉండమని వేమన చెప్పాడే, ఏ పద్యం అది?" అన్నాడు. "అనువుగాని చోట" అని అందుకున్నాను, "అధికులమనరాదు" దగ్గర ఆగాను. అధికులము అనరాదా, అధికుల మనరాదా? మొదటిదయితే గొప్ప చెప్పుకోకుండా కూర్చో అని. రెండోదయితే అక్కడ మనలేవు, లేచిపో అని. వాడి ఆటలో ఒకటి చెక్ (ఇప్పుడు కాయను) అని ఊరుకుని, ఎదుటివాడు కాశాక రెయిజ్ చేయడం, అంటే పందెం పెంచడం. ఇంకోటి మంచి ముక్కల్ని కింద పడేయడం. రెండూ ఒకటెట్టా అవుతాయి?

ఒంగోలు నుంచి: అధికులము అనరాదు. ఇందులో చర్చకేముందన్నా? రెండో పాదం "కొంచెముండుట" అంటోంది. కొంచెంగా ఉండమన్నాడు గానీ వెళ్ళిపొమ్మనలేదు.

కందుకూరు మాస్టారు: గణాలు విడదీసి చూడమ్మా. అనువు, గాని, చోట మూడు సూర్యగణాలు. నధికుల నలము, మనరాదు సలము. గణం సరిగ్గా "మ" ముందు తెగింది. పద్యం పాడేవాళ్ళ నోరు కూడా అక్కడే ఆగుతుంది. "మను" అంటే బతకడమని నేను చెప్పాల్సిన పని లేదు.

ఒంగోలు నుంచి: గణం తెగిన చోటల్లా మాట తెగదు మాస్టారూ. రెండో పాదం అట్టాగే తెంపండి: కొంచె, ముండు, టెల్ల. "టెల్ల" ఏ నిఘంటువులో ఉంది? పైగా మీ అర్థానికి "అధికులు" కావాలి. "అధికుల"కు ఏ విభక్తి చెబుతారు?

కందుకూరు మాస్టారు: అధికులకు మనరాదు అని షష్ఠి. జనం నోళ్ళలో నానిన పద్యంలో ఆ మాత్రం సర్దుబాటు ఉంటుంది.

కోవూరు నుంచి: పద్యం ఒక్క నిమిషం ఆపి ఆ ఆట చెప్పన్నా. సందర్భం తెలియకుండా "అనువు" ఏందో ఎట్టా తేలుద్ది?

కావలి నుంచి: వాడికి ఆసు, జాకీ పడ్డాయి. మొదటి విడతలోనే చివర కూర్చున్నాయన పెంచాడు. ముగ్గురు తలా 20 వేసి నిలబడ్డారు, నడుమ 60. మూడు ముక్కలు పరిచారు: ఆసు, తొమ్మిది, నాలుగు. ముందు మాట్లాడాల్సింది మావాడే, చెక్ అన్నాడు. రెండో ఆయనా చెక్. చివరాయన 10 కాశాడు, మావాడు 20 చేశాడు. మధ్యాయన పడేశాడు, చివరాయన ఇంకో 10 వేసి నిలబడ్డాడు. నడుమ 100. నాలుగో ముక్క మళ్ళీ తొమ్మిది. మావాడు 20 కాస్తే అవతలాయన 40 చేశాడు. మావాడు ముక్కలు పడేశాడు. రాత్రంతా నిద్ర లేదంట.

కోవూరు నుంచి: మొదటి సగం బాగా ఆడాడు. చివరాయన ముందే పెంచి ఉన్నాడు గనక మళ్ళీ కాస్తాడని నమ్మొచ్చు. ఆ నమ్మకం లేని చోట చెక్ అంటే, అందరూ చెక్ అనేసి నాలుగో ముక్కను ఊరికే చూసేస్తారు. అప్పుడు గెలిచే చెయ్యి దాచి ఏం లాభం? నా మటుకు అనువైన చోటంటే అదీ: వెనక కాసేవాడు ఉన్న చోటు.

రెండో సగం నాకు నచ్చలేదు. నడుమ 160 పడి ఉంది, నిలబడ్డానికి 20 చాలు. చివరి విడతలో ఇంకో 20 పోతుందనుకో, మొత్తం 40 పెట్టి 180 కోసం ఆడుతున్నాడు. పదకొండు సార్లలో రెండు సార్లు గెలిస్తే పెట్టింది వెనక్కొస్తుంది. పందెం కట్టేసిన ఆటలో ఎదుటివాడు ఒక్కసారిగా నీ ఇల్లూ వాకిలీ అడగలేడు, అడిగేది ఇంకో 20. అందుకే అక్కడ మంచి చెయ్యి పడేయడానికి గట్టి కారణం కావాలి. అవతలాయన మూడు తొమ్మిదులు లేనిదే ఆ విడతలో పెంచే రకం కాదని మీవాడికి ముందే తెలుసా? తెలిస్తే పడేయడం న్యాయమే. ఒట్టి భయమయితే కాదు. మన పదమూడు ముక్కల రమ్మీ లెక్క వేరు. మొదట్లో డ్రాప్ అంటే 20 పాయింట్లు, మధ్యలో 40, నిండా మునిగితే 80. అక్కడ తొందరగా లేచినవాడికి మిగులుతుంది.

కావలి నుంచి: అవతలాయన్ని ఆ రోజే మొదటిసారి చూశాడంట.

కోవూరు నుంచి: అయితే నిలబడాల్సింది.

కందుకూరు మాస్టారు: లెక్క బాగుంది నాయనా. ఇక నా రెండో సందేహం. మా నాయన "కొంచెముండుటెల్ల కుదువగాదు" అనేవాడు. కొదువ కాదు, కుదువ. తగ్గి ఉండడమంటే తనను తాను తాకట్టు పెట్టుకోవడం కాదని. యతి చూడండి, కొం-కు. ఉకారానికీ ఒకారానికీ మైత్రి ఉంది. "కుదవ పెట్టాడు" అనే మాట మన వైపు ఇప్పటికీ బతికే ఉంది.

ఒంగోలు నుంచి: యతి కుదిరితే పాఠం కుదిరినట్టు కాదండీ. మూడో పాదంలో కొండ అద్దంలో చిన్నదయింది, కొండకు లోటేమీ రాలేదు. లోటంటే కొదువ. కొండను ఎవరు తాకట్టు పెట్టారు? సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేయించిన వేమన పద్యాల ప్రతి ఎవరి దగ్గరన్నా ఉంటే ఆ పుట పెట్టండి, కొంతవరకన్నా తేలుద్ది.

నెల్లూరు నుంచి: మీరంతా వెతికే చోటు వేరుగా ఉంది. అద్దంలో కొండ చిన్నదయి ఊరుకుంటుంది, తిరిగి మీద పడదు. చెక్ అని తర్వాత విరుచుకుపడేవాడి పద్యం మన ఊరి తిక్కన రాసి పెట్టాడు. విరాటపర్వంలో "సింగం బాకటితో గుహాంతరమునం జేడ్పాటుమై నుండి". ఏడాది పాటు బృహన్నలగా ఆటపాటలు నేర్పినవాడు గాండీవం పట్టుకుని కౌరవసేన మీదికి వచ్చాడు. "చేడ్పాటుమై నుండి" వరకు సింహం పడుకునే ఉంది. ఆ పాదం చివర "మా" అన్న ఒక్క గురువు వేలాడుతుంది, "తంగస్ఫూర్జిత" అని కింది పాదంలో లేస్తుంది (మాతంగం, ఏనుగు). ఆ విరుపు దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. మాస్టారూ, మీకు "మ" కావాలంటే ఈ "మా" చూడండి.

ఒంగోలు నుంచి: పద్యం గొప్పదే, కాదనను. కానీ "చేడ్పాటు" నటన కాదు. ఆకలితో నిజంగా నీరసించిన సింహం అది. "కాంతారనివాసఖిన్నమతి", అడవిలో ఉండి నొచ్చిన మనసు అని తిక్కనే చెప్పాడు, ఆ ఖేదమూ నిజమే. చేతిలో ఆసు పెట్టుకుని చెక్ అన్నవాడికి నీరసం ఎక్కడిది?

నెల్లూరు నుంచి: అజ్ఞాతవాసం దాచుకోవడం కాక ఇంకేందక్కా? ఆ కొలువులోనే కంకుభట్టు పాచికలు వేస్తూ కూర్చున్నాడు, రాజ్యమంతా జూదంలో ఒడ్డినవాడు. కొడుకు గెలిచాడని విరాటుడు పొంగిపోయి ఆటకు పిలిస్తే, సంతోషంతో ఉబ్బి ఉన్నవాడితో జూదం ఆడకూడదని విన్నామని సంస్కృత మూలంలో ధర్మరాజు మొదట వెనక్కు తగ్గుతాడు. ఏ ఆట ఎవరితో ఆడాలో అప్పటికి నేర్చుకున్నాడు.

కోవూరు నుంచి: అది మేనల్లుడికి తప్పకుండా చెప్పాల్సిన మాట.

కందుకూరు మాస్టారు: తిక్కనతోనే ఆగారేం? ఎఱ్ఱన మా గుడ్లూరువాడు.

నెల్లూరు నుంచి: 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గుడ్లూరును మా నెల్లూరు జిల్లాలో కలిపారు మాస్టారూ.

ఒంగోలు నుంచి: జిల్లా గీతలు ఎటు జరిగినా ప్రబంధ పరమేశ్వరుడు అందరివాడు. తిక్కన పద్యం ఎత్తారు గనక అడుగుతున్నా, నాలుగో పాదంలో "కుంతీసుత మధ్యముండు" ఎవరు? పాండవుల్లో కుంతి కన్నది ముగ్గుర్ని, నడిమివాడు భీముడు కదా.

నెల్లూరు నుంచి: అయిదుగురిలో నడిమివాడు అర్జునుడు. మాద్రి బిడ్డల్ని కుంతి తన బిడ్డలుగానే పెంచింది, తిక్కన చూపు అక్కడుంది.

కావలి నుంచి: పిల్లాడికి "అనరాదు" అని చెప్పనా, "మనరాదు" అని చెప్పనా?

ఒంగోలు నుంచి: "అనరాదు" అనే చెప్పన్నా. నెల్లూరు తమ్ముడూ, పెంచిన బిడ్డల్ని లెక్కలోకి తెచ్చావు, కన్నబిడ్డ కర్ణుణ్ణి ఎందుకు వదిలావు? ఆయన ఆ కౌరవసేనలోనే నిలబడి ఉన్నాడు. ఆయన్ని కలిపితే ఆరుగురయ్యారు, అప్పుడు మధ్యముడెవరు?