ఎయిర్ అంబులెన్స్ ఫోటో ఇన్‌స్టాలో పెట్టొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్తే. మాది రాయగడ, ఈమధ్యే ఎయిర్ అంబులెన్స్‌లో ఫ్లైట్ నర్సుగా చేరాను. మొన్న జయపురం నుంచి ఒక పేషెంట్‌ని భువనేశ్వర్ షిఫ్ట్ చేశాం, స్ట్రెచర్ ఎక్కిస్తున్న ఫోటో ఉంది, పేరు రాయకుండా మొహం బ్లర్ చేసి పెడదామనుకుంటున్నా. పర్లేదా?

జవాబు: వద్దు చెల్లీ. మొహం ఒక్కటి కప్పితే సరిపోదు. మన వైపు సంగతి తెలుసు కదా, జయపురంలో అంబులెన్స్ విమానం దిగిందంటే సాయంత్రానికి కోరాపుట్ దాకా తెలిసిపోతుంది, ఇక ఫోటోలో పక్కన నిలబడ్డ కొడుకు చొక్కా కనబడినా చాలు, ఫలానా వాళ్ళాయన వెంటిలేటర్ మీద ఉన్నాడట అని ఫోన్లు మొదలవుతాయి. పర్లాకిమిడిలో ఉన్న కూతురికి ఇంట్లోవాళ్ళు ఇంకా చెప్పి ఉండరు, ఆ పిల్ల నీ పోస్టు చూసి తెలుసుకోవాలా? తల్చుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది నాకు.

ఆ ఫోటో ఒకసారి జూమ్ చేసి చూడు. మానిటర్ మీద పేరు, చేతికి బ్యాండు, విమానం మీద వీటీ అని మొదలయ్యే నంబరు. ఆ నంబరు విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్ సైట్‌లో కొడితే ఎక్కణ్ణుంచి ఎప్పుడు ఎగిరిందో చాలాసార్లు దొరికేస్తుంది.

ప్రశ్న: వాళ్ళబ్బాయే పెట్టుకోండి సిస్టర్ అన్నాడక్కా. పోనీ వాట్సాప్ స్టేటస్ అయితే? 24 గంటల్లో పోతుంది కదా.

జవాబు: స్క్రీన్‌షాట్ పోదు కదమ్మా. ఆ కంగారులో ఆ అబ్బాయి దేనికైనా సరే అంటాడు. పేషెంట్ కోలుకున్నాక ఆయన్నే అడిగి రాయించుకోవాలి, మీ కంపెనీ కూడా ఒప్పుకోవాలి. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే 2023 డేటా చట్టంలో, ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు కూడా రాశారు, అప్పటికే పది గ్రూపులకి పాకిన ఫోటోని నువ్వేం చేస్తావ్?

వైజాగ్‌లో దిగినప్పుడు మరీ జాగ్రత్త, ఆ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగ, అక్కడ ఫోన్ బయటికే తియ్యకు.

ఇంకో జవాబు (గుణుపురం): అక్క చెప్పింది కరెక్ట్. అలాగని అకౌంట్ మూసేయక్కర్లేదు సిస్టర్, ఖాళీ క్యాబిన్ చూపించి వీడియోలో విషయం చెప్పండి. పైకెళ్ళేకొద్దీ ఒత్తిడి తగ్గి ఒంట్లో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది, అందుకే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన పేషెంట్‌కి ఎక్కించే ముందే ఛాతీకి ట్యూబ్ వేస్తారు, ఇది మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? విమానం రెడీగా ఉంటే ఇంకా ఆలస్యం ఎందుకని డాక్టర్లతో గొడవపడేది ఇది తెలియకే. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి చెయ్యండి, పెట్టేముందు మీ మెడికల్ డైరెక్టర్‌కి చూపించండి.