కాగ్‌కు శిక్షించే అధికారం ఇవ్వాలా?

గోదారోడు:
కాళేశ్వరంపై పెట్టే ప్రతి రూపాయికీ తిరిగొచ్చేది 52 పైసలేనని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) తేల్చింది. ఆ నివేదిక తెలంగాణ అసెంబ్లీకి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ కుంగింది అంతకుముందు అక్టోబర్‌లో! తప్పు పట్టుకున్నవాళ్లకే చర్య తీసుకునే అధికారం కూడా ఇస్తే ఏం పోతుంది?

లెక్కల మాస్టారు:
చాలా పోతుంది బాబూ. 2జీ స్పెక్ట్రం కేటాయింపుల్లో నష్టం 1.76 లక్షల కోట్ల దాకా ఉండొచ్చని 2010లో కాగ్ అంచనా వేసింది. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది, నిజమే. కానీ 2017లో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. అంచనా వేసినవాళ్లే శిక్ష కూడా వేసి ఉంటే?

ఓరుగల్లు పిల్ల:
అలాగని కాగ్‌ను గుమాస్తాను చేయకండి మాస్టారూ. కాగ్ అంటే పద్దులు చూసే మునీమ్ కాదని 2012లో సుప్రీంకోర్టే చెప్పింది. బొగ్గు గనుల నివేదికనూ అందరూ ఎగతాళి చేశారు. 2014లో అదే కోర్టు 214 బ్లాకులు రద్దు చేసింది.

పాత ఆడిటర్:
శిక్ష గొడవ పక్కన పెట్టండి. కాగ్‌ను తీసేయాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత పని. పదవి దిగాక మళ్లీ సర్కారు కొలువు చేయకూడదు. ఇంత కట్టుదిట్టం చేసి, నియామకం మాత్రం కేబినెట్ చేతిలో వదిలేశాం. సీబీఐ డైరెక్టర్‌ ఎంపిక కమిటీలో ప్రతిపక్ష నేత ఉంటారు, ఇక్కడ అసలు కమిటీయే లేదు. ఇప్పుడున్న సంజయ్ మూర్తి గారు మన తెలుగువారే, అంతకుముందు కేంద్రంలో కార్యదర్శి. ఆయన సమర్థతను శంకించట్లేదు. కానీ నిన్నటిదాకా తోటి అధికారులుగా ఉన్నవాళ్ల శాఖలనే రేపు ఆడిట్ చేయాలి కదా!

రెండోది, అసలైనది. రాజ్యాంగంలోని 151వ అధికరణం కాగ్ నివేదికను సభ ముందు పెట్టించాలంటుంది, ఎప్పట్లోగా అన్నది చెప్పదు. ఢిల్లీలో మద్యం విధానం నివేదికతో సహా 14 నివేదికలు ఇలాగే ఆగిపోయాయి. 2025 జనవరిలో హైకోర్టు ఆలస్యాన్ని తప్పుపట్టింది కానీ, ప్రత్యేకంగా సభ పెట్టమని ఆదేశించలేదు. ప్రభుత్వం మారాకే అవి సభకు రావడం మొదలైంది.

గోదారోడు:
అయితే మూడు నెలలు దాటితే కాగే వెబ్‌సైట్‌లో పెట్టేయాలి. కాగ్ విధులు, అధికారాల 1971 చట్టంలో ఒక్క సెక్షన్ కలిపితే సరిపోదా?

లెక్కల మాస్టారు:
సభ కంటే ముందు బయటపెడితే సభా హక్కుల ఉల్లంఘన నోటీసు వస్తుంది. చట్టం చాలదు, 151నే సవరించాలి.

ఓరుగల్లు పిల్ల:
సవరించమనే అడుగుదాం మాస్టారూ. నివేదికను తొక్కిపెట్టడం ఏ సభకు హక్కు?