గ్రోత్ మైండ్‌సెట్ సరే, యూఎక్స్ పనిలో రోజూ ఏం చేస్తే అది ఉన్నట్టు?

గళ్ళకాగితం (ప్రశ్న):

యూఎక్స్‌లో (యాప్‌లు, సైట్‌లు వాడేవాళ్ళకి సులువుగా ఉండేలా డిజైన్ చేసే పనిలో) మూడేళ్ళ స్థాయి అనుకోండి. ఫిగ్మా (స్క్రీన్లు గీసే టూల్), విజువల్ పని బాగానే వచ్చు. రీసెర్చ్, కొలతలు, క్రిటిక్‌లో (డిజైన్‌ని టీమ్ ముందు పెట్టి అభిప్రాయాలు వినే మీటింగ్‌లో) నిలబడి మాట్లాడటం మాత్రం బలహీనం. ఎవరిని అడిగినా "గ్రోత్ మైండ్‌సెట్ పెంచుకో" అంటారు. ఎలా అంటే "తప్పుల్ని ప్రేమించు" అంటారు. ఆ మాటతో సోమవారం పొద్దున ఏం చెయ్యాలో తెలియట్లేదు.

అడగదల్చుకున్నవి మూడు. క్రిటిక్‌లో స్క్రీన్‌ని అంటే మనిషిని అన్నట్టు తగలకుండా ఏం చెయ్యాలి? నిజంగా మెరుగవుతున్నామా లేదా అన్నది దేనితో కొలవాలి? వారానికి నాలుగు గంటలే దొరికితే దేని మీద పెట్టాలి? దయచేసి పద్ధతులు చెప్పండి, ప్రోత్సాహం వద్దు.

ముందేరాయి:

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతా రెండూ దాన్ని పట్టుకునే వస్తాయి.

సామర్థ్యం పుట్టుకతో వచ్చి అక్కడే ఆగిపోయేది కాదు, సాధనతోనూ సరైన పద్ధతితోనూ పెరుగుతుంది అన్న నమ్మకాన్ని సైకాలజిస్ట్ కరోల్ డ్వెక్ గ్రోత్ మైండ్‌సెట్ అన్నారు. నమ్మకం ఒక్కటే ఉంటే డిజైనర్‌కి ఒరిగేదేం లేదు. మన పనిలో ఉన్న చిక్కేమిటంటే తప్పు చేశామని తెలిసేసరికి ఆ స్క్రీన్ చేసినప్పుడు ఏమనుకున్నామో మర్చిపోతాం. టెస్ట్ అయ్యాక "అవును, ఇది నాకు ముందే అనిపించింది" అనుకుంటాం. అక్కడితో నేర్చుకోవడం ఆగిపోతుంది.

దీనికి మందు ఊహల పట్టిక. యూజబిలిటీ టెస్ట్‌కి (యూజర్లకి పని ఇచ్చి ఎలా చేస్తారో చూడటానికి) ముందు రోజు, ప్రోటోటైప్ (నమూనా) ఖరారయ్యాక, ఒక షీట్ తెరిచి ఆరు నుంచి ఎనిమిది వరుసలు రాయండి. ఒక్కో వరుసలో టాస్క్, ఏం జరుగుతుందని మీ ఊహ, ఎందుకు, ఎంత నమ్మకం (శాతంలో). టెస్ట్ అయ్యాక ఇంకో రెండు గడులు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది. పదిహేను నిమిషాల పని.

ఒక వరుస ఇలా ఉంటుంది:
టాస్క్: డెలివరీ చిరునామా మార్చడం.
ఊహ: 5 మందిలో కనీసం 3 మంది ఫారం దగ్గర ఆగుతారు.
ఎందుకు: గడులు ఎక్కువ.
నమ్మకం: 80.
జరిగింది: 4 మంది ఆగారు.
ఎందుకు జరిగింది: పిన్ కోడ్ తప్పని "సేవ్" నొక్కాకే చెప్తోంది, చెప్పేటప్పుడు నింపిన గడులన్నీ ఖాళీ చేసేస్తోంది.

చూశారా, ఊహ నిజమైంది కానీ కారణం తప్పింది. పట్టిక లేకపోతే "చెప్పాగా, ఫారం పెద్దదని" అని రెండు గడులు తీసేసి ఊరుకునేవాళ్ళు. అసలు జబ్బు ఎర్రర్ చూపించే పద్ధతిలో ఉంది. అందుకే "ఎందుకు" గడి ఖాళీగా వదలొద్దు, మొత్తం పట్టికలో విలువైనది అదే.

ఇప్పుడు కొలత. వాతావరణ సూచనలు ఎంత సరిగ్గా ఉన్నాయో చూడటానికి గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1950లో ఒక లెక్క చెప్పారు, అది ఇక్కడ చక్కగా సరిపోతుంది. నమ్మకాన్ని దశాంశంలో రాయండి. జరిగితే 1, జరగకపోతే 0. తేడాని వర్గం చెయ్యండి. 80 శాతం అన్నది జరిగితే 0.04 పడుతుంది, జరగకపోతే 0.64. అన్ని వరుసల సగటు తియ్యండి. తక్కువైతే మంచిది. అన్నిటికీ 50 అని రాసినవాళ్ళకి కచ్చితంగా 0.25 వస్తుంది, కాబట్టి మీ సగటు 0.25 దాటితే నాణెం ఎగరేసినవాళ్ళ కంటే వెనకున్నట్టు. 30 వరుసలు పోగయ్యే దాకా ఆ సంఖ్యని పట్టించుకోకండి, అంతకు ముందు అది ఊగుతూనే ఉంటుంది.

చెడిపోయే చోట్లు కూడా చెప్తాను. "యూజర్లు కాస్త తికమకపడొచ్చు" అని రాస్తే అది ఎప్పటికీ తప్పు అవ్వదు, తప్పు అయ్యే వీలే లేని ఊహ పనికిరాదు. ఎంతమంది, ఏ స్క్రీన్‌లో, ఏం చేస్తారు అని ఉండాలి. ఒకే టాస్క్‌ని ఐదుగురు చేశారు కదా అని ఐదు వరుసలుగా లెక్కపెట్టొద్దు, ఒకే సంగతిని ఐదుసార్లు లెక్కేసినట్టవుతుంది. ఇంకోటి, టెస్ట్ నడిపేది కూడా మీరే అయితే ఊహ నిజమయ్యేలా తెలియకుండానే నెడతారు. "ఇక్కడ ఫిల్టర్ కనిపించిందా?" అని అడిగారంటే ఫిల్టర్ చూపించేసినట్టే. "ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగి, పది సెకన్లు నోరు మూసుకోవాలి. చాలామందికి కష్టమైనది ఆ పది సెకన్లే.

ఎర్రగీత:

పైనాయన పట్టిక బాగుంది. నేను క్రిటిక్ సంగతి చెప్తాను.

స్క్రీన్‌ని అంటే మనిషికి తగలడానికి సగం కారణం క్రిటిక్ మొదలైన తీరే. ఫైల్ తెరిచి "ఎలా ఉంది?" అని అడిగితే నచ్చిందా లేదా అన్న తీర్పే వస్తుంది. ఆ ప్రశ్నకి ఇంకో రకం జవాబు ఉండదు కదా. బదులుగా మొదటి రెండు నిమిషాల్లో నాలుగు మాటలు చెప్పండి. పని ఏ దశలో ఉంది (గీతలా, ఖరారు ముందా). యూజర్ ఏ పని కోసం వచ్చాడు. ఏవి ఇప్పటికే తేలిపోయాయి, వాటి మీద మాట వద్దు. ఏ రెండు విషయాల్లో మీకు అనుమానం. నాలుగోది ముఖ్యం. అనుమానం మీరే బయటపెడితే ఎదుటివాళ్ళు మీ పక్కన కూర్చుని వెతుకుతారు, దాచిపెడితే మీకు ఎదురుగా కూర్చుంటారు.

వచ్చిన ప్రతి మాటా వాళ్ళన్నది అన్నట్టే రాసుకోండి, మీ భాషలోకి మార్చొద్దు. తర్వాత పక్కన గుర్తు పెట్టండి: ఇది లక్ష్యానికి సంబంధించిందా, కొలవగలిగే సంగతా, ఇష్టాయిష్టమా. మాట కటువుగా ఉందని ఇష్టాయిష్టాల్లో పడేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఒక ఉదాహరణ: "ఆ బూడిద రంగు అక్షరాలు దరిద్రంగా ఉన్నాయి." వినడానికి ఇష్టాయిష్టమే. కానీ తెల్ల నేపథ్యం మీద #999999 రంగు పెట్టి ఉంటే కాంట్రాస్ట్ (అక్షరాలకీ నేపథ్యానికీ వెలుగులో తేడా) సుమారు 2.85:1. డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందేలా ఉండాలని పెట్టిన ప్రమాణాలు) ఏఏ స్థాయికి మామూలు సైజు అక్షరాలకి 4.5:1 కావాలి. #767676కి మారిస్తే 4.54:1 వస్తుంది, నెగ్గుతుంది. అన్న తీరు దరిద్రమే కావచ్చు, ఎత్తి చూపిన తప్పు మాత్రం నిజం. వెంటనే కాంట్రాస్ట్ చెకర్ తెరిచి చూసుంటే వాదనే ఉండేది కాదు.

అవతలి వైపు చూస్తే, నిజంగా ఇష్టాయిష్టమే అయినవాటికి తల ఊపి మార్చేయడం గ్రోత్ మైండ్‌సెట్ కాదండీ, అది మొహమాటం. "ఏ పని మీద వచ్చినవాళ్ళకి ఇది అడ్డం పడుతుందంటారు?" అని ఒక్కసారి అడగండి. జవాబు వస్తే పట్టిక మీద ఒక ఊహగా రాసుకుని టెస్ట్‌లో పెట్టండి. రాకపోతే మీ నిర్ణయం మీదే. జవాబివ్వడానికి మర్నాటి దాకా టైం తీసుకోవడం తప్పేం కాదు, మీటింగ్‌లోనే ప్రతిదానికీ సమాధానం చెప్పాలన్న రూలేమీ లేదు.

సగటుమనిషి:

అందరూ మైండ్‌సెట్‌కి దణ్ణం పెడుతున్నారు కాబట్టి నేను కాస్త అడ్డం పడతాను.

2018లో ఒక మెటా అనాలిసిస్ వచ్చింది. విద్యార్థుల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే గ్రోత్ మైండ్‌సెట్‌కీ చదువులో ఫలితాలకీ మధ్య సంబంధం బలహీనంగానే తేలింది. వెనకబడ్డ విద్యార్థులకి కొంత ఉపయోగం ఉండొచ్చని అందులోనే ఉంది. అది బడి సంగతి, ఆఫీసు సంగతి కాదు, ఒప్పుకుంటాను. అయినా "మైండ్‌సెట్ మారిస్తే కెరీర్ మారుతుంది" అని వర్క్‌షాపులు పెట్టేవాళ్ళు అంత గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు. ఊరికే కష్టపడ్డందుకు మెచ్చుకోవడాన్ని గ్రోత్ మైండ్‌సెట్ అనుకోవద్దని డ్వెక్ గారే హెచ్చరించారు కూడా.

కంపెనీ యూజర్లతో మాట్లాడనివ్వదు, టెస్ట్‌కి టైం ఇవ్వదు, విడుదలయ్యాక అంకెలు చూపించదు. అలాంటిచోట "నువ్వింకా ఎదగాలి" అనడం చేతులు కట్టేసి ఈత నేర్చుకోమన్నట్టు. ముందు చూసుకోవాల్సింది ఇది: మీ నిర్ణయానికీ దాని ఫలితం మీకు తెలియడానికీ మధ్య ఎన్ని రోజులు పడుతోంది? రెండు వారాలైతే ఎవరైనా నేర్చుకుంటారు. ఫలితం ఎప్పటికీ తెలియదంటే ఏ మైండ్‌సెట్టూ ఏమీ చెయ్యలేదు.

అంకెల విషయంలో ఇంకో జాగ్రత్త. "ఐదుగురు చాలు, 85 శాతం సమస్యలు దొరుకుతాయి" అన్నది యూజబిలిటీ పరిశోధకులు నీల్సన్, లాండావర్ లెక్క. ఒక్కో యూజర్ దగ్గర ఒక సమస్య బయటపడే అవకాశం సగటున 31 శాతం అన్న అంచనా మీద అది నిలబడింది. పదిమందిలో ఒకరికే ఎదురయ్యే సమస్య తీసుకోండి, ఐదుగురితో అది కంటపడే అవకాశం 41 శాతమే. కాబట్టి "టెస్ట్‌లో ఎవరూ ఆగలేదు, నా ఊహ తప్పు" అని తేల్చేయకండి. అలాగే ఎస్‌యూఎస్ స్కోరు (వాడటం ఎంత సులువో యూజర్లనే ప్రశ్నలడిగి 0 నుంచి 100 దాకా వేసే మార్కు) ఐదుగురితో తీసి, పోయినసారి 66, ఈసారి 71, నేను మెరుగయ్యాను అనుకోవద్దు. అంతమందితో ఆ తేడాకి అర్థం లేదు. 68 సగటు అంటారే, అది శాతం కూడా కాదు.

గళ్ళకాగితం:

చాలా ఉపయోగపడింది. సగటుమనిషి గారు చెప్పినట్టే ఉంది పరిస్థితి, యూజర్లతో మాట్లాడే వీలు మూడు నెలలకోసారి కూడా దొరకదు. అప్పుడు ఆ నాలుగు గంటలు ఎలా వాడాలి? ఇంకోటి, ఊహల పట్టికని మేనేజర్‌కి చూపించొచ్చా?

ముందేరాయి:

యూజర్లు దొరకనప్పుడు ఫలితం తెలిసే వేరే దారులు వెతకాలి. మొదటిది సపోర్ట్ టికెట్లు. ఫీచర్ విడుదలకి ముందే "మొదటి నెలలో ఈ మూడింటి మీద ఫిర్యాదులొస్తాయి" అని రాసిపెట్టండి. నెల తర్వాత టికెట్లు వరసగా ఓ యాభై చదవండి. సపోర్ట్ టీమ్ పెట్టిన కేటగిరీలు నమ్మి ఊరుకోకండి, "లాగిన్ సమస్య" కింద ఐదు వేర్వేరు సమస్యలు ఉంటాయి. యూజర్ రాసిన వాక్యమే చదవాలి.

రెండోది హ్యూరిస్టిక్ పరిశీలన, అంటే యూజర్లు లేకుండా డిజైన్ సూత్రాలతో స్క్రీన్లని సరిచూడటం. నీల్సన్ పది సూత్రాలు తీసుకుని, ముగ్గురు విడివిడిగా ఒకే ఫ్లో (ఒక పనికి వరసగా వచ్చే స్క్రీన్లు) చూసి, ప్రతి సమస్యకీ 0 నుంచి 4 దాకా తీవ్రత వెయ్యాలి. ఆ తర్వాతే కలిసి కూర్చోవాలి. మీకు కనపడక మిగతా ఇద్దరికీ కనపడినవే మీ సిలబస్. మూడుసార్లు చేస్తే మీ కన్ను ఏ సూత్రం దగ్గర జారుతోందో తెలిసిపోతుంది. విజువల్ నుంచి వచ్చినవాళ్ళు తరచుగా జారేది ఎర్రర్లు, ఖాళీ స్క్రీన్లు, లోడింగ్ దగ్గర. అంతా సవ్యంగా జరిగే దారి ఒక్కటే గీసి వదిలేస్తారు.

నాలుగు గంటల్ని ఐదారు ముక్కలు చెయ్యొద్దు. ఎనిమిది వారాలు ఒకే బలహీనత మీద పెట్టండి. మీకైతే రీసెర్చే అంటాను, ఎందుకంటే కొలతలూ, క్రిటిక్‌లో ధైర్యమూ దాని వెనకే వస్తాయి. రెండు గంటలు పని, గంట ఎవరితోనైనా సరిచూసుకోవడం, ఇంకో గంట సరిదిద్దడం. కోర్సు వీడియోలు ఈ లెక్కలోకి రావు, అవి చూస్తుంటే వచ్చేసినట్టే ఉంటుంది, ఖాళీ డిస్కషన్ గైడ్ (యూజర్లని అడగాల్సిన ప్రశ్నల జాబితా) ముందు కూర్చుంటే కానీ రాలేదని తెలియదు.

ఎర్రగీత:

మేనేజర్ విషయంలో ఒక షరతు. దొరికిన సంగతులు చూపించండి, "ఎర్రర్ పద్ధతి వల్ల నలుగురు ఆగారు" లాంటివి. స్కోరు మాత్రం చూపించకండి. ఆ సగటు అప్రైజల్‌లోకి ఎక్కిందంటే టీమ్ మొత్తం అన్నిటికీ 50 రాయడం మొదలుపెడుతుంది. 0.25 దగ్గర హాయిగా కూర్చుంటారు, ఎవరినీ ఏమీ అనలేం.

సగటుమనిషి:

లేదా టెస్ట్ అయ్యాక రాసి, టెస్ట్‌కి ముందు తేదీ వేస్తారు. షీట్‌లో వెర్షన్ హిస్టరీ (ఏది ఎప్పుడు మార్చారో చూపే రికార్డు) ఆన్‌లో ఉంచుకోండి, ఎవరి కోసమో కాదు, మీ కోసమే.