వాతెరలో ఉన్నది తెరా, తెఱా?

గోదారి గట్టు: పెద్దలకు నమస్కారం. రెండు రోజులుగా ఒక సీసపాదం నాలుక చివర ఆడుతోంది, బయటికి రావడం లేదు. అందులో "వాతెర" అన్న మాట ఉంది, పెదవి అని అర్థం. తెర కాస్త తొలగితే పలువరుస మెరిసిందన్న భావం. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు రాగం తీసి చదివారు. ఎవరిదో, ఎందులోదో తెలియదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పిల్లల కోసం టి.రెక్స్ అనే డైనోసార్ మూతి గురించి వ్యాసం రాస్తున్నాను. దానికి పెదవులుండేవని, నోరు మూస్తే పళ్ళు కనబడేవి కావని 2023లో థామస్ కలెన్ బృందం 'సైన్స్' పత్రికలో వాదించింది. నేను "పెదవులు" అని రాస్తే, బొమ్మలేసే అమ్మాయి లిప్‌స్టిక్ పూసినట్టు రెండు ఎర్రటి పెదాలు గీసి పంపింది. వేరే మాట కావాలి. వాతెర ఎలా ఉంటుంది? పద్యం తెలిసినవారు చెబితే పుణ్యం.

పాత అచ్చు: పద్యం తర్వాత. ముందు మాట సరిగ్గా రాయండి. వాతెఱ. బండి ఱ.

కందం తప్ప: బండి ఱ ఎక్కడినుంచి వచ్చింది మాస్టారూ? వాయి + తెర. నోటికి వేసిన తెర. తెరకు మామూలు ర కదా.

పాత అచ్చు: తెరకు మామూలు రే, కాదన్నదెవరు? ఇది ఆ తెర కాదంటున్నాను. తెఱచు, తెఱపి ఉన్నాయి చూడండి, ఆ తెఱ. నోరు తెఱుచుకునే చోటు. మీరు కప్పేది అంటున్నారు, నేను విప్పేది అంటున్నాను.

తంజావూరు తెలుగు: అరవంలో రెండూ విడివిడిగానే ఉన్నాయండీ. తిరై అంటే తెర, అలకీ అదే మాట. తిఱ అంటే తెరవడం. అంటే మీ ఇద్దరికీ అక్కడ సాక్షులున్నారు. నాకు మాత్రం "నోటి అల" అని చదివినా బాగానే ఉంటుందనిపిస్తోంది.

పాత అచ్చు: అలా? పై పెదవి ఒంపు చూసి అంటున్నారా? మూడో పార్టీ పెట్టకండి.

రాళ్ళూ రప్పలూ: నాది భూగర్భశాస్త్రం, పద్యాలు అంతంతమాత్రం. కానీ కప్పేదా విప్పేదా అన్న గొడవ అక్కడా ఉంది కాబట్టి దూరుతున్నాను. పెదవి రాయిగా మారి మిగలడం చాలా అరుదు. చేతికి దొరికేది ఎముక, పన్ను. పై దవడ ఎముక మీద, పళ్ళ వరసకు కాస్త పైన, నరాలూ రక్తనాళాలూ బయటికొచ్చే సన్నటి రంధ్రాలుంటాయి. ఉడుము పుర్రెలో అవి కొద్దిగా, ఒక వరసలో ఉంటాయి. మొసలికి మూతి నిండా ఆవాలు చల్లినట్టుంటాయి. టి.రెక్స్ రంధ్రాలు ఉడుము పద్ధతికి దగ్గర అన్నది కలెన్ వాళ్ళ మాట.

ఇక పన్ను. టి.రెక్స్ కుటుంబానికే చెందిన డాస్ప్లెటోసారస్ పన్నును కోసి, పలచటి పొరగా అరగదీసి, మైక్రోస్కోప్ కింద పెట్టారు. పక్కన అమెరికా మొసలి ఎలిగేటర్ పన్ను. ఎలిగేటర్ పన్నుకు బయటివైపు ఎనామిల్ బాగా అరిగిపోయి ఉంది, లోపలివైపు మందంగా ఉంది. డాస్ప్లెటోసారస్ పన్నుకు ఆ తేడా లేదు. ఎప్పుడూ బయటే ఉండే పన్నయితే ఇలా ఉండదు, ఏదో కప్పి తడిగా ఉంచింది అని వాదన.

గోదారి గట్టు: అంతంత పళ్ళు పెదాల వెనక పడతాయా అని మా అమ్మాయి అడుగుతోంది.

రాళ్ళూ రప్పలూ: పుర్రె పొడవుతో పోల్చి చూశారు. ఆ లెక్కన ఉడుము జాతుల పళ్ళకంటే మరీ పెద్దవేమీ కావు. ఉడుము నోరు మూస్తే పన్ను కనిపిస్తుందా?

కందం తప్ప: ఇంత చర్చ జరుగుతుంటే అమరం, అదే అమరసింహుడి సంస్కృత నిఘంటువు, ఎవరికీ గుర్తు రాలేదా! "ఓష్ఠాధరౌ తు రదనచ్ఛదౌ దశనవాససీ." రదనచ్ఛదం అంటే పళ్ళకు కప్పు. దశనవాసస్సు అంటే పళ్ళకు చుట్టిన బట్ట. కలెన్ గారు పన్ను కోసి తేల్చింది అమరసింహుడు ఒక్క సమాసంలో పెట్టాడు. కాబట్టి వాతెరలో ఉన్నది కప్పే తెరే. నేను గెలిచాను.

పాత అచ్చు: ఆ శ్లోకం మనుష్యవర్గంలోది. సింహాదివర్గంలోది కాదు. మనిషి మూతికి చెప్పింది రాక్షసబల్లికి తగిలించకండి. పైగా అది సంస్కృతం, మన ఱ సంగతి దానికేం తెలుసు?

గోదారి గట్టు: రాక్షసబల్లి అన్నారు కాబట్టి, పేరులోనే బల్లి ఉందిగా, బల్లికి పళ్ళు కనబడవుగా?

రాళ్ళూ రప్పలూ: ఆ పేరు నమ్మకండి. బతికున్నవాటిలో డైనోసార్లకు దగ్గరివి ఒక పక్క మొసలి, ఇంకో పక్క పక్షి. మొసలికి పెదవి లేదు. పక్షికి పన్నే లేదు, ముక్కుంది. చుట్టరికం చూసి తేల్చేద్దామంటే అందుకే కుదరలేదు. 2017లో థామస్ కార్ బృందం డాస్ప్లెటోసారస్‌లోనే ఒక జాతి మూతిని పరిశీలించి, మొసలికిలాగే చదునైన పొలుసులుండేవి, స్పర్శ బాగా తెలిసేది, పెదవులు లేవు అని రాసింది. ఎముక పైభాగం గరుకుతనం వాళ్ళ ఆధారం. ఒకే జంతువు, ఇద్దరు థామస్‌లు, రెండు మూతులు.

పాత అచ్చు: అయితే అది నిరోష్ఠ్యం! ఎంత హాయిగా ఉంది. మరింగంటి సింగరాచార్యులు గుర్తొచ్చాడు. పెదవి పెదవికి తగలకుండా రామకథంతా చెప్పిన మనిషి. "రామ" అనడానికి వీల్లేదు, మ ఉందిగా. అందుకే "దశరథరాజనందన చరిత్ర". అద్దం ముందు నిలబడి ఆ పేరు పలకండి, పెదాలు ఒక్కసారి కూడా కలవవు.

కందం తప్ప: సంస్కృతంలో దండి ముందే చేశాడు లెండి. దశకుమారచరితంలో మంత్రగుప్తుడు తన కథంతా ఓష్ఠ్యాలు, అంటే పెదవులతో పలికే అక్షరాలు, లేకుండా చెబుతాడు. ప్రియురాలు పెదవి కొరికిందట, కలిపితే నొప్పి. ఇంతకీ "నిరోష్ఠ్యం" అన్న మాటలోనే ఓ ఉంది. ఓ కంఠోష్ఠ్యం, గొంతుతో పాటు పెదవులూ కావాలి. నిరోష్ఠ్య కావ్యంలో నిరోష్ఠ్యం అనే మాటే నిషిద్ధం!

తంజావూరు తెలుగు: వ దంతోష్ఠ్యం, పళ్ళూ పెదవీ కలిసి పలికేది. పెదవులున్న టి.రెక్స్‌కు దంతోష్ఠ్యం అని పేరు పెట్టొచ్చు.

గోదారి గట్టు: అయ్యా, నా పద్యం?

రాళ్ళూ రప్పలూ: ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. పెదవి ఉండేదన్నవాళ్ళు కూడా అది మన పెదవి లాంటిదనలేదు. కండ లేని పొలుసుల అంచు. ఊరికే కప్పుకుని ఉంటుంది. పళ్ళికిలించడం, మూతి ముడవడం దాని వల్ల కాదు. పెదవి విరవడం అసలే కాదు. ఆ అమ్మాయికి ఉడుము ఫోటో పంపండి. లేదంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన కోటాసారస్‌ను చూపించండి. నాటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది. తల దాదాపు దొరకలేదు, ఏవో కాసిని పళ్ళు తప్ప. దానికి వాతెర వెయ్యాలా వద్దా అని అడగను.

గోదారి గట్టు: ఉడుము ఫోటో పంపాను. ఈసారి బొమ్మలో పళ్ళు లేవు, "ముసలమ్మలా ఉందేంటి" అని మా అబ్బాయి. వ్యాసంలో చివరికి "పళ్ళను కప్పే పొలుసుల చర్మం" అని రాశాను. మాట దొరకలేదు.

పాత అచ్చు: వాతెఱ అని రాయాల్సింది. సరే, తేల్చే దారి ఒకటుంది. వృత్తంలో "వా" పై పాదం చివర పడి, మిగతాది కింది పాదం మొదట్లోకి దిగితే, ఆ ర లేదా ఱ ప్రాసస్థానంలో, అంటే పాదంలో రెండో అక్షరంగా ఉంటుంది. పూర్వకవులు ర, ఱలకు ప్రాస కలపరు. అలాంటి పద్యం ఒక్కటి దొరికితే చాలు. గోదారి గట్టు గారూ, మీ మాస్టారి పద్యంలో మాట ఎక్కడ విరిగింది?

గోదారి గట్టు: నాది సీసమండీ. దానికి ప్రాస నియమం లేదుగా.