విశ్వావసు మళ్ళీ వచ్చి వెళ్ళింది: మారింది మనుషులా, నా చూపా?

గట్టుమీది మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను 1965లో, విశ్వావసు నామ సంవత్సరం ఆశ్వయుజ మాసంలో పుట్టాను. అరవై సంవత్సరాల పేర్లూ ఒక చుట్టు తిరిగి 2025 ఉగాదికి అదే విశ్వావసు మళ్ళీ వచ్చింది. ఆ ఆశ్వయుజంలోనే పిల్లలు పట్టుబట్టి మా దంపతులకు షష్టిపూర్తి చేశారు. బృహస్పతి రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్ళు, శనికి దాదాపు 30 ఏళ్ళు పడతాయి కనుక, ఆ రెండు గ్రహాలూ మనం పుట్టిననాటి చోట్లకు ఇంచుమించు ఒకేసారి తిరిగి చేరేది అరవయ్యో ఏటనేనని పురోహితులు వివరించారు. గ్రహాలు పాత చోటికే వచ్చాయి గాని మనుషులే ఎక్కడికో వెళ్ళిపోయారని పీటల మీద కూర్చున్నప్పుడే నాకు తోచింది. అప్పటినుంచి ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

మా ఊరు కోనసీమలో, గోదావరి పాయకు ఆవలి లంక. నా చిన్నతనంలో వంతెన లేదు. ఎవరైనా రేవులో పంటు ఎక్కి రావలసిందే. సాయంత్రం ఆఖరి పంటు దిగిన చుట్టం, సంచి భుజాన వేసుకుని, చెప్పాపెట్టకుండా వచ్చి మా అరుగు మీద కూర్చుంటే, కాళ్ళకు నీళ్ళిచ్చి పిల్లాజెల్లా కులాసానా అని అడిగేవారే తప్ప, ఏం పని మీద వచ్చారని అడగడం మా ఇంట్లో తప్పుగా ఉండేది. ముందుగా ఉత్తరం రాసినా, మనిషి వచ్చి వెళ్ళిన తరువాతే చాలాసార్లు ఆ ఉత్తరం చేరేది. 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను' అన్న ముక్కతో మొదలై, నీలం ఇన్‌లాండు కాగితం మడత అంచుల దాకా, ఆఖరికి జిగురు అంటించే చోటు కూడా వదలకుండా, ఒకరి పెళ్ళి సంబంధమూ మరొకరి గేదె ఈనిన సంగతీ అందులో రాసి ఉండేవి.

మా షష్టిపూర్తికి వచ్చిన రెండు వందల మందీ వాట్సాప్ కార్డులో ఉన్న ముహూర్తానికి సరిగ్గా వచ్చి, అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోంచేసి, మూడు గంటలలోపే వెళ్ళిపోయారు. మా తాతగారి షష్టిపూర్తికి ముందు మూడు రోజులు, తరువాత నాలుగు రోజులు ఇల్లు నిండి ఉండడం నాకు లీలగా గుర్తుంది. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. అందరికీ ఉద్యోగాలున్నాయి, పిల్లల పరీక్షలున్నాయి. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి షామియానా కింద మేమిద్దరమూ, కుర్చీలు లెక్కపెట్టుకునే కుర్రవాడూ మాత్రమే మిగిలాము.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను, ఇంకో ఏడాదిన్నర సర్వీసు ఉంది. ఉపాధ్యాయుడికి వయసు తెలిసే తీరు కాస్త వేరు: ముప్పయ్యేళ్ళుగా నా ఎదురుగా ఉన్న ఎనిమిదో తరగతికి ఎప్పుడూ పదమూడేళ్ళే, పెరుగుతున్నది నేనొక్కడినే. ఈమధ్య లేఖారచన పాఠానికి ఒక పోస్టు కార్డు తీసుకెళ్ళి, దీని ధర ఇప్పటికీ అర్ధరూపాయే అని చూపిస్తే, "సార్, దీని మీద రాసింది పోస్టుమాన్ చదివేయడా?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ వయసులో మాకెవరికీ ఆ సందేహమే రాలేదు కనుక నా దగ్గర జవాబు లేకపోయింది.

నా ప్రశ్న ఇది. మనుషులు నిజంగా ఇంతగా మారారా, లేక ప్రతి తరమూ అరవైకి చేరగానే ఇలాగే అనుకుంటుందా? నాకంటే పెద్దవారూ, బాగా చిన్నవారూ చెబితే వినాలని ఉంది.


వంటింటి కిటికీ:

మాస్టారూ, నాకు 78 ఏళ్ళు. మీరు నాకు తమ్ముడి వరస అవుతారు కనుక కొంచెం కటువుగా రాసినా ఏమీ అనుకోకండి. ఆఖరి పంటు దిగి వచ్చిన చుట్టాన్ని మీరు అరుగు మీద నుంచి చూశారు, నేను వంటింట్లో నుంచి చూశాను. మాదీ గోదావరి జిల్లానే. ఇరవయ్యేళ్ళకు కాపురానికి వెళ్ళిన ఇల్లు రేవుకు రెండు వీధుల అవతల ఉండేది. రాత్రి తొమ్మిదింటికి, పొయ్యి మీద బూడిద కప్పి, గిన్నెలు తోమి, వంటిల్లు కడుక్కున్న తరువాత అరుగు మీద దగ్గు వినిపిస్తే, మా మామగారు లోపలికి చూసి "ఇద్దరు" అనేవారు. ఆ ఒక్క మాటే మాకు కబురు. మళ్ళీ నిప్పు ఊది, ఎసరు పెట్టి, కూర లేకపోతే చింతపండు పిసికి పచ్చిపులుసు చేసి, వాళ్ళు తృప్తిగా తిని అరుగెక్కి కబుర్లు చెప్పుకుంటుంటే, మా తోడికోడలూ నేనూ గిన్నె అడుగున మిగిలింది మజ్జిగ పోసుకుని తినేవాళ్ళం. ఆ రోజుల్లో మనుషులకు మనసులు విశాలమని అందరూ అంటారు. ఆ విశాలమైన మనసుకు నాలుగు వేళ్ళూ కాల్చుకున్నది ఎవరో మీ కాలపు మగవాళ్ళు ఇప్పటికైనా ఒకసారి తలుచుకోవాలి.

మరొక సంగతి మీ ఉత్తరంలోనే ఉంది గాని మీరు దాని మీద నిలవలేదు. వచ్చింది ఆఖరి పంటులో. తిరిగి వెళ్ళడానికి రాత్రి మరో పంటు లేదు. ఉండిపోవడం ప్రేమవల్ల కొంత, గోదావరి వల్ల కొంత. వంతెన పడిన తరువాత మా ఇంట్లోనూ రాత్రి పడకలు తగ్గాయి. అప్పటిదాకా మా ఇంట పడుకున్నవారందరూ మా మీద అభిమానంతోనే పడుకున్నారని నేను అనుకోను.

ఇంత రాసిన తరువాత ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు నా వంటింట్లో గ్యాసుంది, మిక్సీ ఉంది, ఫ్రిజ్జులో రేపటి పిండి ఉంది, చేసిపెట్టడానికి మనిషి కూడా ఉంది. రాత్రి తొమ్మిదింటికి అరుగు మీద ఎవరైనా దగ్గితే బాగుండునని అనిపిస్తోంది. మా అపార్టుమెంటుకు అరుగు లేదనుకోండి.


పాత ఫైలు:

నేను వరంగల్ జిల్లా కచేరీలో పనిచేసి 2005లో రిటైరైనవాణ్ణి. మనుషుల మనసుల సంగతి పెద్దమ్మగారు చెప్పారు కనుక, ముసలితనం అనేదే ఎలా మారిందో నా అనుభవం చెబుతాను. 1983 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, ఆ నెలాఖరున మా సెక్షన్లో ఒకే రోజు నలుగురు పెద్దలకు దండలు వేసి పంపాము. వాళ్ళలో ఒకాయన కూతురి పెళ్ళి అదే వేసవికి నిశ్చయమై ఉంది. యువకులకు అవకాశం రావాలన్నది ఉద్దేశం. ఆ నిర్ణయం తీసుకున్న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారికి అప్పటికి 59 ఏళ్ళు నిండి ఉండడాన్ని మాత్రం మేము టీ కొట్టు దగ్గర మెల్లగానే అనుకునేవాళ్ళం. కొంతకాలానికే అది మళ్ళీ 58 అయింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 చేశారు. మా తెలంగాణలో 2021లో 61 చేశారు.

అంటే మాస్టారు గారూ, 1983 లెక్కన మీరు అయిదేళ్ళ క్రితమే ఇంట్లో కూర్చోవలసిన వృద్ధులు. ఇవాళ్టి లెక్కన ఇంకా హాజరు పట్టీలో సంతకం చేస్తున్న ఉద్యోగి. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దరిదాపుల్లో ఉండేది, ఇప్పుడు 70 దాకా వచ్చింది. పసివాళ్ళు ఎక్కువగా పోయేవారు కనుక ఆ పాత సగటు మరీ తక్కువగా కనిపిస్తుందనేది నిజమే గాని, అరవై చూడడం అప్పట్లో ఊరంతా వచ్చి వారం రోజులు చేసుకోదగిన విశేషమే. మీ తాతగారి షష్టిపూర్తికి ఏడు రోజులు నిండిన ఇల్లు మీ షష్టిపూర్తికి మూడు గంటలే నిండడానికి ఇది కూడా ఒక కారణమేమో ఆలోచించండి. మా కాలనీలో ఇప్పుడు ఎవరికైనా అరవై నిండిందంటే అభినందించడానికి కూడా మొహమాటపడుతున్నారు. పెద్ద ముచ్చట చేయాలంటే సహస్ర చంద్ర దర్శనం దాకా ఆగాలి. వెయ్యి పున్నములు నిండాలంటే ఎనభై ఏళ్ళు దాటాలి. నాకు ఇంకా పాతిక పున్నములు తక్కువున్నాయి.


నల్లరేగడి:

మాది కర్నూలు వైపు. మాకు పంటులూ లేవు, లంకలూ లేవు, రోడ్డు ఎప్పటినుంచో ఉంది. అయినా మా ఇంటికీ చుట్టాలు రావడం తగ్గింది. కనుక పెద్దమ్మగారు వంతెన మీద మోపిన నేరం మా దగ్గర నిలబడదు. కారణం ఏమిటని అడిగితే మాత్రం నా దగ్గర లేదు.


డాలస్‌లో ఒకడు:

నేను 1999లో ఇక్కడికి వచ్చాను. అప్పట్లో పది డాలర్ల ఫోన్ కార్డు కొని, అంకెలన్నీ నొక్కి, లైను కలిస్తే అమ్మ గొంతు వినేవాణ్ణి. నిమిషాలు తరిగిపోతున్నాయని ఇద్దరమూ వేగంగా మాట్లాడేవాళ్ళం. ఇప్పుడు రోజూ వీడియోలో కనిపిస్తుంది. అయినా నాకు తెలిసివచ్చింది ఒకటుంది: రోజూ కలిసి ఉండేవారికి తల్లిదండ్రుల వయసు వాలు మీద జారినట్లు తెలియకుండా జరిగిపోతుంది, రెండేళ్ళకొకసారి వచ్చే నాబోటివాడికి మాత్రం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఒక రాకకు నాన్న స్కూటరు నడిపారు. మరుసటి రాకకు స్కూటరు ఉంది గాని నడపడం లేదు. ఆ తరువాతి రాకకు స్కూటరు అమ్మేశారు. వీడియోలో భుజాల పైభాగమే కనిపిస్తుంది కనుక, ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నారన్న సంగతి విమానం దిగి ఇంటికి వెళ్ళేదాకా నాకు తెలియలేదు.

మాస్టారు గారి ప్రశ్నకు నా జవాబు: నేను వదిలి వచ్చిన ఊరు 1999లోనే ఆగి ఉంటుందని మనసులో ఎక్కడో నమ్ముతూ ఉంటాను. పోయినసారి మా వీధి చివర టీ తాగి, జేబులో చిల్లర వెతుక్కుంటుంటే, కొట్టతను గాజు సీసాకు అంటించిన క్యూఆర్ కోడు చూపించాడు. అక్కడున్నవారిలో పాతకాలపు మనిషిని నేనే.


ఇరవై ఏడు:

మాస్టారు గారికి నమస్కారం. బాగా చిన్నవారు చెప్పాలన్నారు కనుక రాస్తున్నాను. మా నాన్నగారు కూడా అచ్చం మీలాగే మాట్లాడతారు. చెప్పాపెట్టకుండా రావడాన్ని మీరు ఆప్యాయత అంటారు. మేము ఫోను చేయడానికి కూడా ముందు 'మాట్లాడవచ్చా' అని సందేశం పెడతాము. మీకు అది దూరం పెట్టినట్లు అనిపిస్తుంది, మాకు అది ఎదుటివారి సమయానికి ఇచ్చే మర్యాద. పోస్టు కార్డు గురించి అడిగిన అమ్మాయిది కూడా మంచి ప్రశ్నే అని నా అభిప్రాయం.

నేను మనస్తత్వశాస్త్రం చదివాను. నడివయసు దాటినవారిని జీవితంలో జరిగినవి గుర్తు చేసుకొమ్మంటే, పదేళ్ళ నుంచి ముప్పయ్యేళ్ళ లోపు జరిగినవే మిగతా కాలం కంటే ఎక్కువగా చెబుతారని పరిశోధనల్లో పదేపదే తేలింది. అన్నీ మొదటిసారి జరిగేది ఆ వయసులోనే కావడం ఒక కారణమంటారు. ఆ జ్ఞాపకాలను తూకపురాయిగా పెట్టి తూచితే ఇవాళ్టి ఏ రోజైనా తేలికగానే తూగుతుంది. నాకే ఇప్పుడు ఇంటర్ హాస్టల్లో వార్డెన్ ఫోను ముందు వరుసలో నిలబడి నాన్నతో మూడు నిమిషాలు మాట్లాడిన ఆదివారాలు గొప్పగా అనిపిస్తున్నాయి. అప్పట్లో వాటిని తిట్టుకునేదాన్ని. నేను పరీక్షలు రాసి బయటికి వచ్చిన 2016లోనే జియో వచ్చింది. మా తరువాతి తరగతివారికి ఆ వరుస గురించి చెబితే నవ్వుతారు.


గట్టుమీది మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. అక్కగారి జవాబు చదివిన తరువాత మా ఆవిడకు వినిపించాను. ఆమె పూర్తిగా విని, "మీ షష్టిపూర్తికి జనం మూడు గంటలకే వెళ్ళిపోయారని మీరు బాధపడ్డారు, నేను హమ్మయ్య అనుకున్నాను" అంది. నలభై ఏళ్ళ సంసారంలో ఈ మాట నాకు ఇప్పుడే తెలిసింది. ఇరవై ఏడు గారు చెప్పిన తూకపురాయి నిజమే కావచ్చు. కాని నల్లరేగడి గారిలాగే నాకూ ఏదో లెక్కకు అందకుండా మిగిలిపోతోంది. షామియానా కింద మిగిలిన కుర్చీలు నా జ్ఞాపకం కాదు, నా కళ్ళెదుట ఉన్నవే.

రాజోలులో మా పెద్ద మేనబావ ఉన్నారు, 74 ఏళ్ళు. చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనే. ఆ రోజు నాతో ఆయన మాట్లాడింది రెండే ముక్కలు, అవీ ఫొటోగ్రాఫరు జరగమంటుంటే. వచ్చే ఆదివారం ఫోను చేయకుండా వారింటికి వెళదామనుకుంటున్నాను. ఎలా ఉంటుందో చూడాలి.


వంటింటి కిటికీ:

తప్పకుండా వెళ్ళండి మాస్టారూ. అయితే భోజనాలు అయిపోయాక మూడు గంటల వేళకు వెళ్ళండి, టీతో సరిపోతుంది. మీ ఆవిడను కూడా తీసుకెళ్ళండి. రాత్రికి ఉండిపొమ్మని అంటే, ఆ మాట అన్నది మీ బావగారా, వారి భార్యా అన్నది చూసుకుని ఉండండి.